బ్యాలెన్స్ షీట్‌కు ఎక్కని ఆస్తిని వార్షిక నివేదికలో చూపించడం ఎలా?

చదివేవాళ్లందరికీ తెలియడం కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీది శామీర్‌పేట దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే మధ్యతరహా లిస్టెడ్ కంపెనీ. కంపెనీ సెక్రటరీగా మీరు చేరి రెండేళ్లయింది. ఖాతాల్లో అమూర్త ఆస్తుల (చేతికి తగలని, కంటికి కనిపించని ఆస్తుల) పద్దు కింద ఉన్నవి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు మాత్రమే, అంతా కలిపి మూడు కోట్ల చిల్లర. కంపెనీని నిజంగా నిలబెడుతున్నవి వేరు: పద్దెనిమిదేళ్లుగా పోగైన తయారీ పరిజ్ఞానం, ఇరవై మంది కెమిస్టులు, తనిఖీల్లో సంపాదించుకున్న పేరు. వాటిని మొదటి నలభై పేజీల్లో బొమ్మలతో, మంచి మాటలతో మెరిపించమని ఎండీ గారు అన్నారు. ఆడిటర్ గారు ‘జాగ్రత్తండీ’ అని ఊరుకున్నారు. ఇద్దరినీ ఒప్పించే దారి ఏదని మీరు అడుగుతున్నారు.

ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో వార్షిక నివేదికలు రాస్తున్నాను, రాయిస్తున్నాను. ఎక్కువగా మందుల కంపెనీలకు, కొంత సాఫ్ట్‌వేర్‌కు, ఒకసారి విత్తనాల కంపెనీకి. వాటిలో ఇప్పుడు తెరిచి చూడాలంటే మొహమాటపడేవి కూడా ఉన్నాయి. అందుకే జవాబు కాస్త పొడవవుతుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అమూర్త ఆస్తుల లెక్కకు మన దేశంలో పాటించే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 సారం దాదాపు అంతే. కంపెనీ సొంతంగా పెంచుకున్న బ్రాండు, ఖాతాదారుల జాబితా, గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచి పేరు విలువ) ఆస్తుల పద్దుకు ఎక్కవు. పరిశోధనకు పెట్టినది ఖర్చుగానే పోతుంది. అభివృద్ధి దశకు చేరాక మాత్రం ఆరు షరతులూ నెరవేరితే ఆ ఖర్చును ఆస్తిగా చూపవచ్చు. ఇక మీ కెమిస్టులు ఎంత గొప్పవాళ్లయినా ఆస్తి కారు. నోటీసు ఇచ్చి వెళ్లిపోగల మనిషిపై కంపెనీకి చాలినంత నియంత్రణ లేదన్నది ప్రమాణం చెప్పే కారణం. ఎండీ గారికి ఇది అన్యాయంగా తోచవచ్చు. నాకు మాత్రం సబబుగానే కనిపిస్తుంది. తన పెరట్లో చెట్టుకు తానే వెల కట్టుకోమంటే తక్కువ కట్టేవాడు ఎవడు?

అదే చెట్టును బయట కొనుక్కొస్తే లెక్కకు వస్తుంది. మన ఊరి ఉదాహరణే ఉంది. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బెటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. ఉత్పత్తుల హక్కులు, గుడ్‌విల్ దర్జాగా ఖాతాల్లోకి వచ్చాయి. తర్వాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు జనరిక్ మందులను టెండర్లు పిలిచి కొనడం మొదలుపెట్టాయి, ధరలు పడిపోయాయి. 2008–09లో ఆ పద్దుల నుంచి వెయ్యి కోట్ల రూపాయలకు పైగా విలువ తగ్గించి రాయాల్సి వచ్చింది. మాత్రలు అవే, ఫార్మసీలు అవే. మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు. మీ నివేదికలో ఏ అమూర్త ఆస్తి గురించి రాసినా, అది దేని మీద ఆనుకుని నిలబడిందో కూడా రాయమని చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

కనిపించని దాన్ని అంకెగా మార్చే ప్రయత్నాలు మన దేశంలోనూ జరిగాయి. ఇన్ఫోసిస్ 1990ల్లోనే ఉద్యోగుల విలువను, బ్రాండు విలువను లెక్కగట్టి వార్షిక నివేదికలో అదనపు సమాచారంగా అచ్చువేసేది. ఉద్యోగుల విషయంలో వాడినది 1971లో లెవ్, ష్వార్జ్ అనే ఇద్దరు ప్రతిపాదించిన పద్ధతి: ఉద్యోగి ఇకపై సంపాదించబోయే జీతాలన్నిటికీ నేటి విలువ కట్టడం. తెగువకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఈ లెక్కలో జీతాలు పెంచిన ప్రతిసారీ ‘మానవ సంపద’ పెరుగుతుంది, పని ఏమీ మారకపోయినా సరే. మీ ఎండీ గారు ఇలాంటి అంకె కావాలంటే నా పేరు చెప్పి వద్దనండి.

స్వీడన్‌కు చెందిన స్కాండియా అనే బీమా సంస్థ 1994 వార్షిక నివేదికకు అనుబంధంగా మేధో మూలధనం మీద విడిగా ఒక పుస్తకం వేసింది. ఆ పని వెనుక ఉన్నది లీఫ్ ఎడ్విన్సన్. వాళ్లు గీసిన బొమ్మ ఒక ఇల్లు. ఆర్థిక ఫలితాలు పైకప్పు, ఖాతాదారులు ఒక గోడ, పని పద్ధతులు రెండో గోడ, మధ్యలో మనుషులు, పునాదిలో కొత్తదనం, అభివృద్ధి. చిన్నపిల్లలు కూడా గీయగల బొమ్మ. అందులో తెలివి ఎక్కడుందంటే, పైకప్పు నిన్నటి సంగతి, పునాది రేపటి సంగతి అని ఒక్క మాట రాయకుండానే అర్థమవుతుంది. ఈ రోజు మన కంపెనీలు వేసే ఆరు మూలధనాల చక్రం (ఆర్థిక, ఉత్పాదక, మేధో, మానవ, సామాజిక, సహజ) 2013లో వచ్చిన సమీకృత నివేదికల చట్రంలోనిది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017లో పెద్ద కంపెనీలను స్వచ్ఛందంగా దీన్ని పాటించమన్నప్పటి నుంచి ఆ చక్రం అందరి నివేదికల్లోనూ తిరుగుతోంది. ఆరు రంగులు, ఆరు గుర్తులు, మధ్యలో కంపెనీ లోగో. లోగో మార్చి పక్క కంపెనీకి ఇచ్చినా ఎవరూ పసిగట్టలేరు. మీరు చక్రం వేయకండి.

ఈ ఊళ్లో నివేదిక రాసేవాళ్లు మరిచిపోకూడని తేదీ 2009 జనవరి 7. ఖాతాల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రాసిన ఉత్తరం ఆ రోజు బయటపడింది. ఉన్నట్టు చూపించిన, లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు. కొన్ని నెలల ముందే ఆ కంపెనీ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకుంది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడ అబద్ధమని తేలినది బ్రాండు కాదు, పేరు ప్రతిష్ఠలు కాదు. అన్నిటికంటే గట్టిదనుకునే నగదు! కంటికి కనిపించే ఆస్తికే సాక్ష్యం కావాలని నేర్చుకున్న పాఠకుడు మీ ‘నమ్మకం’, ‘జ్ఞానం’ అనే మాటలను ఏ కళ్లతో చదువుతాడో ఊహించుకోండి. అతనికి నచ్చచెప్పడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే. అమూర్త ఆస్తి పనిలో ఉన్నప్పుడు, ముఖ్యంగా ఇబ్బందిలో పడి పనిచేసినప్పుడు, బయటికి ఒక గుర్తు వదిలిపెడుతుంది. ఆ గుర్తును వెతికి చూపించాలి.

ఫొటోలతో మొదలుపెడతాను, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది అక్కడే. దోసిట్లో మొక్క, గాజు భూగోళం, కరచాలనం, తెల్లకోటు వేసుకుని ఖాళీ పరీక్షనాళికలోకి చూస్తూ నవ్వే అమ్మాయి. ఇవి అద్దెకు దొరికే బొమ్మలు, వంద కంపెనీలు వాడినవి. మీ దగ్గర మాత్రమే ఉన్న ఆస్తిని అందరి దగ్గరా ఉన్న బొమ్మతో చూపిస్తే, అది మీ దగ్గర లేదని మీరే ఒప్పుకున్నట్టు. అట్ట మీద చార్మినార్ కూడా ఇంతే. 1591 నుంచి అక్కడే ఉంది, మీ ఆస్తి కాదు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కూడా ఏ ఒక్క హోటల్ సొత్తూ కాదు. మీ చుట్టూ ఉన్న మందుల, బయోటెక్ కంపెనీల ప్రాంతానికి పెట్టిన జీనోమ్ వ్యాలీ అన్న పేరు కూడా అలాంటిదే. అక్కడ ఉన్నామని ఒక వాక్యంలో చెప్పండి, ఆ పేరును మీ ఖాతాలో వేసుకోకండి.

సొంత ఫొటోలు తీయించుకోవడంలోనూ గండాలున్నాయి. చాలా ఏళ్ల క్రితం ఒక ప్లాంటులో తీసిన ఫొటో నాకెంతో నచ్చింది. సాయంత్రం షిఫ్టు మారే వేళ, ఇద్దరు ఆపరేటర్లు ఒక డ్రమ్ము మీద వంగి సీలు సరిచూస్తున్నారు, పక్కనుంచి వెలుతురు. రెండు పేజీల నిండా వేద్దామని నేనే పట్టుబట్టాను. లక్డీకాపూల్‌లో ప్రెస్సుకు వెళ్లి చివరి ప్రూఫును భూతద్దంతో చూస్తుంటే, డ్రమ్ము లేబుల్ మీద కొనుగోలుదారు కోడు, బ్యాచ్ నంబరు స్పష్టంగా చదవడానికి వీలుగా ఉన్నాయి. వెనుక తెల్లబోర్డు మీద ఆ వారం ఉష్ణోగ్రతల పట్టిక. ఆ ఇద్దరిలో ఒకరి రక్షణ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. ఒకే ఫొటోలో కొనుగోలుదారు రహస్యం, తయారీ రహస్యం, భద్రతా లోపం. ఆ రాత్రి రెండు పేజీలూ తీసేసి, వాటి స్థానంలో పాత గేటు ఫొటో వేశాం. మన దేశంలో వ్యాపార రహస్యాలకు విడిగా చట్టం లేదు, ఒప్పందాలూ న్యాయస్థానాల తీర్పులే రక్ష. మీరే అచ్చువేశాక దాన్ని రహస్యమని ఏ కోర్టులో వాదిస్తారు?

మరి దాచాల్సిన పరిజ్ఞానాన్ని చూపించడం ఎలా? పద్ధతిని వదిలేసి, దాని ఆనవాలును చూపించాలి. ఒక కంపెనీలో సీనియర్ కెమిస్టు గారి చేతిరాత నోటు పుస్తకాల బీరువాను తీయించాను, పుస్తకాలు మూసి ఉన్నప్పుడే. వీపుల మీద ఏళ్లు రాసి ఉన్నాయి, మొదటివాటి అట్టలు పసుపురంగుకు తిరిగాయి, మధ్యలో ఒక ఏడాది పుస్తకం లేదు. కింద వ్యాఖ్య ఇలా రాశాం: ఈ నోట్లలోని ఒక ఉత్పత్తి తయారీలో మొదట తొమ్మిది దశలుండేవి, ఇప్పుడు ఆరు; వాడిన ద్రావణిలో ఎంత శాతం తిరిగి వాడుతున్నామో ఫలానా పేజీలో చూడండి. అంకె ఎక్కడుందో చెప్పని వ్యాఖ్య సగం వ్యాఖ్యే. ఆ లేని పుస్తకం సంగతి ఏమిటని సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు కూడా. పాత భవనంలో వాన నీటికి తడిసి పాడైందని, ఆ తర్వాతే నోట్లను స్కాన్ చేయించడం మొదలుపెట్టామని ఎండీ గారు చెప్పారు. నలభై పేజీల్లో జనం గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

ఎండీ గారి ఫొటో సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఛైర్మన్ సందేశం పక్కన నిండు పేజీ ఫొటో, కెమిస్టులందరూ కలిసి తపాలా బిళ్లంత ఫొటో ఉంటే, కంపెనీ తెలివి ఎవరి తలలో ఉందని మీరు చెబుతున్నట్టు? వ్యవస్థాపకుడి ముఖమే ఆస్తి అయితే ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కెమిస్టుల పేర్లు వేయాలా వద్దా అన్నది వేరే చిక్కు. పేర్లు వేసిన నివేదిక పోటీ కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకు ఉచిత డైరెక్టరీ. వారి అంగీకారం తీసుకోండి. నేనైతే ఎంతమంది పదేళ్లకు పైగా ఉన్నారో, నిరుడు ఎంతమంది వెళ్లారో రాసి ఊరుకుంటాను. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్‌లో (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో) శాశ్వత ఉద్యోగుల వలస రేటును, అంటే ఏడాదిలో ఎంత శాతం మంది మానేశారో, మూడేళ్లకు ఇవ్వాలి. మీరు ఆ వెయ్యిలో లేకపోయినా ఇవ్వండి.

ఇస్తే గ్రాఫు సరిగా గీయించండి. వలస 14 శాతం నుంచి 12కు తగ్గిందనుకుందాం. డిజైనరు నిలువు గీతను పది నుంచి మొదలుపెడతాడు, ‘అందంగా ఉంటుందని’. అప్పుడు మొదటి కడ్డీ ఎత్తు నాలుగు, రెండోది రెండు. చూసేవాడికి వలస సగానికి సగం పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజంగా తగ్గినది ఏడో వంతు. బొమ్మలో కనిపించే మార్పును అంకెల్లోని మార్పుతో భాగిస్తే వచ్చేదాన్ని, గ్రాఫుల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ అబద్ధపు గుణకం అన్నాడు. ఒకటి ఉంటే నిజాయితీ. ఇక్కడ మూడున్నర. గోరంతను కొండంత చేయడానికి ఒక్క అబద్ధపు అంకె కూడా అక్కర్లేదు. మంచి ఏళ్లకు మాత్రమే గ్రాఫు వేసి, చెడ్డ ఏళ్లను పట్టికలోకి నెట్టడం ఇంకో పాత అలవాటు. నిరుడు వేసిన గ్రాఫు ఈ ఏడాది ఎందుకు లేదని అడిగే విశ్లేషకులు ఉన్నారు, నేను చూశాను.

మాటల దగ్గరికి వస్తాను. నివేదిక ఇంగ్లీషులో వస్తుంది, మన తెలుగు పత్రికల్లో వచ్చేది ఫలితాల ప్రకటన మాత్రమే. అయినా నేను ప్రతి వాక్యాన్నీ తెలుగులో ఒకసారి పైకి చెప్పి చూస్తాను, ఇంట్లో అమ్మకు చెబుతున్నట్టు. ‘పరివర్తనాత్మక సామర్థ్యాల సమ్మేళనంతో భాగస్వాములందరికీ సుస్థిర విలువను సృజిస్తున్నాం.’ అమ్మ అడుగుతుంది: ‘అంటే ఏం చేస్తారు నాయనా?’ జవాబు రాకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను. ఈ పరీక్షకు నిలిచేవి మామూలుగా ఒక క్రియ, ఒక తేదీ, ఒక కర్త ఉన్న వాక్యాలే.

‘నాణ్యత విషయంలో రాజీలేని నిబద్ధత’ అని మీ నిరుటి నివేదికలో ఉండే ఉంటుంది, ఉండని కంపెనీ లేదు. ఒక కంపెనీలో దాని బదులు నేను రాసినది ఇది: ఫిబ్రవరిలో మూడు బ్యాచ్‌లను మా నాణ్యతా విభాగమే తిరస్కరించింది. సరుకు ఆలస్యమైన ఇద్దరు కొనుగోలుదారులకు కారణం రాసి పంపాం. ఇద్దరూ తర్వాతి త్రైమాసికంలో ఆర్డర్లు కొనసాగించారు. అక్కడి ఎండీ గారు మండిపడ్డారు, ‘మన తప్పులు మనమే చాటుకోవడమా?’ అని. ఆయనను ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఆ మూడు వాక్యాల్లో నమ్మకం అన్న మాట లేదు, కానీ ఉన్నదంతా నమ్మకమే. కొనుగోలుదారు వెళ్లిపోయే అవకాశం ఉండి కూడా ఉండిపోయాడు. ఇబ్బందిలో వదిలిన గుర్తు అన్నది దీన్నే. మీ దగ్గర ఇలాంటిది తప్పక ఉంటుంది. మార్కెటింగ్ వాళ్లను అడిగితే దొరకదు, నాణ్యతా విభాగంలో పాతవాళ్లను అడగండి.

మీ రంగంలో మాటలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్, ముడిసరుకు తయారీ వివరాల ఫైలు) దాఖలు చేయడం ఆమోదం కాదు. ఆ సంస్థ డీఎంఎఫ్‌లను ఆమోదించదు, తిరస్కరించదు. ‘ఆమోదిత డీఎంఎఫ్‌లు’ అని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. ‘34 పేటెంట్లు’ అంటే దాఖలు చేసినవా, మంజూరైనవా, ఇంకా అమల్లో ఉన్నవా? పేటెంటు ఆయుష్షు దాఖలు చేసిన తేదీ నుంచి ఇరవై ఏళ్లు. ఒక్కో దానికి ఒక్కో గీత గీసి, ఎప్పుడు ముగుస్తుందో చూపిస్తే ఆ బొమ్మ నలభై పేజీల్లోకెల్లా విలువైనది అవుతుంది. కొన్ని గీతలు వచ్చే ఏడాదే ఆగిపోతాయి. ఆగనివ్వండి. తనిఖీల విషయంలో కూడా తేదీ, ఎన్ని పరిశీలనలు (తనిఖీదారులు ఎత్తిచూపిన లోపాలు) వచ్చాయి, ఎప్పుడు ముగిశాయి అన్న మూడు గడులు చాలు.

మీ ఖాతాల్లో అభివృద్ధి దశలోని అమూర్త ఆస్తులు ఉంటే, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 ప్రకారం వాటి వయసు పట్టిక ఇవ్వాలి: ఏడాది లోపు, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడేళ్లు దాటినవి. ముందు పేజీల్లో ‘త్వరలో రాబోతున్న ఆవిష్కరణ’ అని రంగుల్లో వేసినది, వెనుక పట్టికలో మూడేళ్లు దాటిన గడిలో కూర్చుని ఉంటే ఎంత అవమానమో ఆలోచించండి. అచ్చుకు ముందు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మీ పని, డిజైనరుది కాదు.

ఆడిటర్ గారి జాగ్రత్త కూడా ఇక్కడిదే. ముందు పేజీలను ఆయన ధ్రువీకరించరు. కానీ ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 720 ప్రకారం వాటిని చదివి, ఖాతాలతోనూ ఆడిట్‌లో తనకు తెలిసినదానితోనూ పొంతన ఉందో లేదో చూడాలి. ఆయనకు మీరు చేయగల సాయం ఒక ఆధారాల ఫైలు. చిత్తుప్రతి అంచున ప్రతి వాదానికీ ఒక నంబరు వేయండి, ఆ నంబరు కింద ఆధారం పెట్టండి: బ్యాచ్ రికార్డు, హెచ్‌ఆర్ జాబితా, పేటెంటు రశీదు, కొనుగోలుదారు ఈమెయిలు. ఫొటోకు కూడా నంబరు వేయాలి: ఎప్పుడు తీసింది, ఎక్కడ, ఎవరు సరిచూశారు. ఆధారం దొరకని వాక్యం దానంతట అదే రాలిపోతుంది. నా అనుభవంలో నలభై పేజీలు ఇలా వడపోస్తే పదహారు, పదిహేడు మిగులుతాయి.

పేజీలు తగ్గాయని ఎండీ గారు చిన్నబుచ్చుకుంటారు. వాదించకండి. నోటు పుస్తకాల బీరువా లాంటి ఒక ఫొటో, పేటెంట్ల గీతల బొమ్మ, తిరస్కరించిన బ్యాచ్‌ల మూడు వాక్యాలు, ఇవి మాత్రం వేసిన రెండు పేజీలను మంచి కాగితం మీద అచ్చుతీయించి, పక్కన నిరుటి నివేదికలోని ఏవో రెండు పేజీలు పెట్టి ఆయన బల్ల మీద ఉంచండి. రెండింటిలోనూ కంపెనీ పేరు మూసేయండి. ఏది మన కంపెనీయో చెప్పమనండి.

ఫొటోలు మాత్రం జనవరిలోనే తీయించండి. ఖాతాలు ముగిశాక మే నెలలో గుర్తుకొస్తుంది అందరికీ. అప్పటికి ప్లాంటు వార్షిక మరమ్మతులకు ఆపేసి ఉంటే, చల్లారిన రియాక్టరు ముందు ఆపరేటర్లు మీట నొక్కుతున్నట్టు నటిస్తారు. తెలిసినవాళ్లు ముందుగా చూసేది వెనుక ఉన్న పీడన మాపకాన్ని, ముల్లు సున్నా దగ్గర ఉంటుంది.